లారీ ఉన్న ఇంటికి డీజిల్ ట్యాంకు చిట్కాలు

కల్లూరులో లారీ ఉన్న ఇంటి ఆడవాళ్ళకు టైరు నంబర్లు, కిస్తీ తేదీలు నోటికి వస్తాయి. డీజిల్ ట్యాంకును ఛాసీకి పట్టి ఉంచే పట్టీ గురించి మాత్రం ఎవరూ అడగరు. ఒకవైపు సత్తుపల్లి బొగ్గు, ఇంకోవైపు సారపాక పేపరు మిల్లుకు జామాయిల్ కర్ర, కాలం వస్తే ఖమ్మం యార్డుకు మిర్చి. మన బండ్లు తిరిగే దారుల్లో కుదుపు ఎంతో మీకు చెప్పాలా! ఆ కుదుపంతా తినేది ఈ పట్టీలూ బోల్టులే. మా ఇంట్లో బండి లెక్కలు, సామాన్ల డబ్బా నా చేతిలోనే ఉంటాయి కనక చేసి చూసినవే చెప్తున్నా. పానా మీ ఇంటాయన పట్టినా, మేస్త్రీ పట్టినా పనికొస్తాయి.

1. ముందు బరువు తెలుసుకోండి. డీజిల్ లీటరు సుమారు 830 గ్రాములు తూగుతుంది కాబట్టి 300 లీటర్ల ట్యాంకు నింపితే దాదాపు 250 కిలోలు, పైన ట్యాంకు బరువు అదనం.

2. సామాన్లు నాలుగే: ఛాసీకి బిగించే ఎల్ ఆకారం బ్రాకెట్, చుట్టూ వచ్చే పట్టీ, పట్టీ కింద రబ్బరు, బిగించే బోల్టూ నట్టూ. కొట్టులో "ట్యాంకు క్లాంపు" అంటే కొందరు పట్టీ ఒక్కటే చేతిలో పెడతారు, అందుకే నాలుగూ పేరుపేరునా అడగండి. రెండోసారి పోయే పెట్రోలు మిగులుతుంది.

3. చూడ్డానికి మెకానిక్కు అక్కర్లేదు, చేతి అద్దం, ఫోన్ లైటు చాలు. అద్దాన్ని ట్యాంకు వెనక పెట్టి చూస్తే బయటికి కనపడని తుప్పంతా బయటపడుతుంది.

4. ముందు కడగండి, తర్వాత చూడండి. బొగ్గుపొడి పట్టీ అంచున ముద్దకట్టి తడిని పట్టుకుని కూర్చుంటుంది. పాత టూత్‌బ్రష్షు, సర్ఫు నీళ్ళతో ఆ అంచు రుద్దితే అసలు సంగతి తెలుస్తుంది.

5. పట్టీ పక్కన ట్యాంకు మీద సన్నటి మెరుపు గీత ఉందా? పట్టీ వదులై ఆడుతోందన్నమాట. ఆ గీత గోటికి తగిలేంత లోతైతే ఆ వారమే పని పెట్టుకోండి, ఎందుకంటే రబ్బరుకు అయ్యేది వందలు, ట్యాంకుకు అయ్యేది వేలు.

6. రబ్బరు అంచును బొటనవేలితో వంచి చూడండి. వంగి మళ్ళీ వెనక్కొస్తే ఇంకొన్నాళ్ళు పనిచేస్తుంది. చిట్లినా, డీజిల్ తాగి ఉబ్బినా, చేతికి జిగురు అంటినా దాని పని అయిపోయింది.

7. నట్టు కింద ఎర్రటి తుప్పు నీళ్ళ చార ఉంటే ఆ నట్టు కదులుతోంది. తుడిచేసి ఒక ట్రిప్పు తర్వాత చూడండి. చార మళ్ళీ వస్తే పైపైన బిగించి వదలకుండా బోల్టు విప్పించి చూడండి.

8. బ్రాకెట్‌కు పగులు ఎక్కువగా వంపు దగ్గరే మొదలవుతుంది. చిన్న సుత్తితో తట్టండి: గణగణమంటే గట్టిది, మొద్దుగా పలికితే పగులన్నా ఉంది, బోల్టన్నా వదులైంది.

9. ఇది నాకు బాగా నచ్చిన కిటుకు: నెయిల్ పాలిష్. బిగించిన ప్రతి నట్టు మీదుగా బ్రాకెట్ దాకా ఒక్క గీత గీయండి. గీత విరిగి పక్కకు జరిగితే నట్టు తిరిగినట్టే. డ్రైవరు టైర్లు తట్టి చూసుకునేటప్పుడు దాన్నీ కంటితో చూసుకుంటాడు, పానా తీసే పనే లేదు. తెల్ల రంగు వాడండి, బొగ్గుపొడిలో ఎరుపు కనపడదు.

10. ట్యాంకు ఎక్కడ చెమ్మగిలుతోందో అంతుపట్టకపోతే పొడిగుడ్డతో బాగా తుడిచి, పట్టీ అంచుల వెంట ముగ్గుపిండి అద్దండి. డీజిల్ ఊరే చోట పిండి ముదురు రంగుకు తిరుగుతుంది. ట్యాంకు దింపకుండానే చోటు దొరికింది కదా!

11. మైలేజి పడిపోయిందని డ్రైవరును అనుమానించే ముందు ఆ ముగ్గుపిండి పని ఒకసారి చెయ్యండి. నమ్మకమైన డ్రైవరు దొరకడం ఈ రోజుల్లో పట్టీ దొరికినంత తేలిక కాదు.

12. కొత్త పట్టీ కొనడానికి పోయే ముందు కొలతలు తీసుకోండి. పురికొస ట్యాంకు చుట్టూ తిప్పి ముడి వేసి, దాన్ని కుట్టుమిషన్ టేపు మీద పరిస్తే పొడవు వస్తుంది. వెడల్పు, మందం, బోల్టు లావు కూడా అదే కాగితం మీద రాయండి.

13. ఆర్సీ ఫొటో ఫోన్లో ఉంచుకోండి. టాటా అయినా, అశోక్ లేలాండ్ అయినా డీలరు కౌంటర్లో ఛాసీ నంబరు చెప్తే సరైన పార్టు నంబరు తీస్తారు, "ఇదే అనుకుంటా అక్కా" అనే మాట ఉండదు.

14. గుండ్రటి ట్యాంకు పట్టీని వంచి పలకల ట్యాంకుకు వేయించొద్దు. మూలల దగ్గర ఆనదు, ఆనిన చోట కోస్తుంది.

15. సన్న పట్టీ చౌకే, కానీ బరువంతా ఒక గీత మీదే పడి ట్యాంకు నొక్కుకుపోతుంది. పాతదెంత వెడల్పో అంతకు తగ్గకండి.

16. పట్టీలు జతగానే మార్చండి. తెగినది ఏ ఎండా ఏ గుంతలూ తిన్నదో రెండోదీ అవే తిన్నది. ఒక్కటే మారిస్తే కొన్నాళ్ళకే మేస్త్రీ కూలి మళ్ళీ ఇచ్చుకోవాలి.

17. బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అంకె ఉండాలి. అంకె లేనిది రేకుల షెడ్డుకు పనికొస్తుంది, ఛాసీకి కాదు. కంపెనీ వేసింది 10.9 అయితే 8.8కు దిగకండి.

18. కొత్త నట్టు వేళ్ళతోనే సాఫీగా ఎక్కాలి. మధ్యలో పట్టేస్తే మరలు తేడా ఉన్నట్టు. "పానా వేస్తే అదే కూర్చుంటుంది" అంటే ఆ కొట్టు దిగి వచ్చెయ్యండి. లోపల నైలాన్ రింగున్న లాక్ నట్టుకు మాత్రం ఈ లెక్క వేరు, రింగు దగ్గర అది బిగుసుకోవాల్సిందే.

19. ఆ నైలాన్ లాక్ నట్టు ఒక్కసారికే. విప్పింది మళ్ళీ వేస్తే మిగిలేది ఒక టీ డబ్బులు.

20. ఛాసీ రంధ్రం కోలగా సాగిందేమో చూడండి. దాన్ని లావు వాషరుతో కప్పేస్తే బ్రాకెట్ లోపల కొట్టుకుంటూనే ఉంటుంది, రంధ్రం ఇంకా సాగుతుంది. అలాంటిది కంపెనీ వర్క్‌షాపుకు చూపించండి, ఛాసీకి సొంతంగా కొత్త రంధ్రాలు కొట్టించొద్దు.

21. అల్యూమినియం ట్యాంకుకు వట్టి ఇనుము తగలకూడదు. తడిలో రెండు లోహాలూ ఆనితే అల్యూమినియమే తెల్లపొడిగా రాలుతుంది, అందుకే రబ్బరు పట్టీ అంచు దాటి రెండువైపులా కాస్త బయటికి ఉండేలా కోయించండి.

22. ప్లాస్టిక్ ట్యాంకైతే కంపెనీ పట్టీ తప్ప వేరేది వద్దు. ఎండకు అది కాస్త సాగుతుంది. బయటి పట్టీ అతిగా బిగిస్తే ఆ చోటే లోపలికి నొక్కుకుంటుంది.

23. పాత ట్యూబు ముక్క వెయ్యడం మన దగ్గర అలవాటే, ఖర్చు లేదు కూడా. కానీ డీజిల్ తగిలితే ఉబ్బి జారుతుంది. కొట్టులో నైట్రైల్ రబ్బరు అని అడగండి, డీజిల్‌కు అది తట్టుకుంటుంది.

24. కన్వేయర్ బెల్టు ముక్కలూ కొందరు వేస్తారు. గట్టివే, కాదనను, కానీ కోసిన అంచులో గుడ్డ పొరలు నీళ్ళు పీల్చుకుని తుప్పును దాచిపెడతాయి. ఎండాకాలం నెట్టుకురావడానికి సరే, వానలకు ముందు తీసెయ్యండి.

25. విజయవాడ పోయే పనుంటే ఆటోనగర్‌లో విప్పిన బండ్ల బ్రాకెట్లు చూడండి. వంకర, వెల్డింగు మచ్చ లేనిదైతే నిక్షేపంగా తీసుకోవచ్చు, బాగా కలిసొస్తుంది. పాత పట్టీ, పాత బోల్టు, పాత రబ్బరు మాత్రం ఉత్తినే ఇచ్చినా వద్దు.

26. ఆ పాత బ్రాకెట్‌ను కొట్టువాళ్ళ గచ్చు మీదే నిలబెట్టి వేలితో తట్టండి. ఊగిందంటే వంకరే, ఇంక బేరం కూడా ఆడకండి.

27. కంపెనీ సామానని ఇస్తే ప్యాకెట్ మీద పార్టు నంబరు, హోలోగ్రాం చూసి బిల్లు తీసుకోండి. బిల్లు లేని సామాన్ని వాపసు తీసుకోమని అడిగే దారి ఉండదు.

28. స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీ కావాలా వద్దా? బొగ్గు తోలే బండికి పెట్టండి, ఆ డబ్బు వసూలవుతుంది. మిర్చి, ధాన్యం తోలే బండికి రంగేసిన మామూలు పట్టీ చాలు.

29. మృగశిర కార్తె రాకముందే ఈ పని ముగించుకోండి. మిర్చి కిరాయిలు జోరుగా ఉన్నప్పుడు బండి ఆపితే నష్టం, జామాయిల్ తోటల్లో బురద మొదలయ్యాక ఆపితే అవస్థ.

30. ఫిట్‌నెస్‌తో జత చేస్తే ఇంకా మేలు. ఎనిమిదేళ్ళలోపు బండికి రెండేళ్ళకోసారి, దాటాక ఏటా ఉంటుంది కాబట్టి దానికి నెల ముందు పెట్టుకుంటే రంగు, కడుగుడు, ట్యాంకు పని ఒకే కూలిలో అయిపోతాయి.

31. ట్యాంకులో డీజిల్ అడుగంటిన రోజే పని మొదలుపెట్టండి. వందల లీటర్లు తోడి పోసే శ్రమా తప్పుతుంది, ఒలికేదీ ఉండదు.

32. చదునైన గట్టి నేల మీద, గాలి ఆడే చోట బండి నిలపండి. టైర్లకు ముందూ వెనకా చెక్క ఊతలు పెట్టాకే ఎవరైనా కిందికి దూరాలి.

33. బ్యాటరీ నెగటివ్ వైరు తీయించండి. బీఎస్-6 బండైతే ఇంజన్ ఆపాక కొద్ది నిమిషాలు ఆగాలి, ఎందుకంటే డెఫ్ (ఈ బండ్లలో పోసే యూరియా నీళ్ళు) పైపుల్లో మిగిలింది పంపు వెనక్కి లాక్కుంటుంది.

34. బీడీ, సిగరెట్టు సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున్నే బండికి అగరుబత్తి వెలిగించే అలవాటున్నవాళ్ళు ఆ ఒక్కరోజు పూలతో సరిపెట్టండి.

35. ఖాళీ చేశాం కదా, వెల్డింగు పెట్టొచ్చు అనుకోవద్దు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం: లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసి ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. బ్రాకెట్‌కు వెల్డింగు తప్పనిసరైతే దాన్ని విప్పి షెడ్డుకు పట్టుకెళ్ళండి. ట్యాంకు బండి మీదుండగా గ్యాస్ కటింగూ వద్దు, గ్రైండరూ వద్దు. మేస్త్రీ మీకు వరసకు బావే అయినా సరే, ఈ ఒక్కచోట మొహమాటం పనికిరాదు.

36. ఒక బకెట్టు పొడి ఇసుక, బండిలోని అగ్నిమాపక సిలిండరు పక్కనే పెట్టండి. సిలిండరు ముల్లు పచ్చ గుర్తులో ఉందో లేదో ఆ వంకతోనే తెలుస్తుంది.

37. తుప్పుపట్టిన నట్లకు ముందురోజు సాయంత్రమే డబ్ల్యూడీ-40 కొట్టి వదిలెయ్యండి. పొద్దున అరచెయ్యి బలంతో వస్తాయి, బోల్టు విరిగే గొడవ, లేత్ షాపుకు పరుగు తప్పుతాయి.

38. తీసిన డీజిల్‌ను మూత గట్టిగా ఉన్న జెర్రీ క్యాన్లలోనే పట్టండి, మళ్ళీ పోసేటప్పుడు సన్న జాలీ ఉన్న గరాటు వాడండి. తాగునీళ్ళ క్యాను ముట్టుకోవద్దు, డీజిల్ క్యాను వంటింటి గడప దాటనివ్వొద్దు.

39. పైపులు ఊడదీయకముందు ఫొటో తియ్యండి. ఇంజనుకు పోయే పైపుకు ఎర్ర దారం, తిరిగొచ్చే పైపుకు పచ్చ దారం కడితే బిగించేటప్పుడు తికమక ఉండదు. గేజి వైరును మర్చిపోకండి.

40. మూలన పడేసిన ఇడ్లీ రేకు ఉందా? నట్లు, వాషర్లు, బోల్టులు ఒక్కో గుంటలో వేస్తే మట్టిలో వెతుక్కునే అరగంట మిగులుతుంది.

41. జాకీని నేరుగా ట్యాంకుకు ఆనించొద్దు, నొక్కు పడుతుంది. పైన వెడల్పాటి చెక్క, దాని మీద మడిచిన పాత దుప్పటి వేసి, ట్యాంకు బరువు జాకీ మీదికి వచ్చాకే పట్టీలు వదులు చెయ్యాలి.

42. ఒట్టి పట్టీలు మార్చడమే అయితే ఒకటి పూర్తిగా మార్చి బిగించాక రెండోది ముట్టుకోండి. ట్యాంకు కదలదు, పైపులు విప్పే పనే పడదు.

43. ట్యాంకు దింపారంటే మళ్ళీ అంత తీరిక దొరకదు. దాని వెనక ఛాసీని గీకి, రెడ్ ఆక్సైడ్ వేసి, పూర్తిగా ఆరనిచ్చి అప్పుడే ఎక్కించండి. తడి రంగు మీద రబ్బరు వేస్తే అతుక్కుని రెండూ పాడవుతాయి.

44. రబ్బరు జరగక మొండికేస్తే సబ్బు నీళ్ళు రాయండి, చక్కగా జారి కూర్చుంటుంది. గ్రీజు, ఆయిలు రాస్తే తర్వాత కూడా జారుతూనే ఉంటుంది.

45. బిగింపు వడ్డాణం లెక్క ఉండాలి: ఒంటికి పట్టుకోవాలి గానీ కోసుకోకూడదు. ఈ పట్టీ కొంచెం, ఆ పట్టీ కొంచెం, మార్చి మార్చి బిగిస్తే ట్యాంకు ఒకపక్కకు ఒరగదు.

46. పానాకు పైపు తొడిగి వేలాడే మేస్త్రీని ఆపండి, బోల్టు మెడ సాగేది అక్కడే. కంపెనీ పుస్తకంలో ఎంత బిగింపో అంకె ఉంటుంది, టార్క్ పానా ఉన్న షెడ్డులో ఆ అంకెకు బిగించమనండి.

47. నట్టు దాటి రెండు మూడు మరలు బయటికి కనపడాలి. మరీ ఎక్కువుంటే హ్యాక్సా బ్లేడుతో కోసి, కోసిన చోట కాస్త రంగు పుయ్యండి.

48. ట్యాంకు కూర్చున్నాక సైలెన్సరుకు, వెనక టైరుకు ఎంత ఎడముందో చూడండి. పైపులు ఎక్కడా ఛాసీ అంచుకు రాసుకోకూడదు.

49. పైపులు విప్పితే గాలి పట్టి బండి స్టార్టు కాదు. సెల్ఫు మీద సెల్ఫు కొట్టి బ్యాటరీ చంపకండి, ముందు హ్యాండ్ పంపు గట్టిపడేదాకా కొట్టండి.

50. అందరూ వదిలేసేది ఇదే: మళ్ళీ బిగించడం. కొత్త రబ్బరు బరువుకు అణిగి పలచబడుతుంది, దాంతో నిన్న బిగువుగా ఉన్న పట్టీ ఇవాళ వదులు. ట్యాంకు నిండుగా పోయించి, లోడుతో ఒక ట్రిప్పు తిరిగొచ్చాక ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి పానా వేయించి, నెయిల్ పాలిష్ గీత కొత్తగా గీయండి. పది నిమిషాల పని. కొత్త పట్టీ తెగిందని కొట్టువాణ్ణి తిట్టేవాళ్ళలో చాలామంది ఈ పది నిమిషాలు ఎగ్గొట్టినవాళ్ళే.

51. ఒలికిన డీజిల్ మీద నీళ్ళు కొట్టకండి, పారి కాలువలో కలుస్తుంది. రంపపు పొట్టు గానీ వడ్ల ఊక గానీ చల్లి ఊడ్చెయ్యండి, దాన్ని పొయ్యిలో మాత్రం వెయ్యొద్దు.

52. చేతుల జిడ్డుకు ముందు కొబ్బరినూనె, తర్వాత సబ్బు. జిడ్డు తుడిచిన గుడ్డలు మిగతా బట్టల్లో కలపొద్దు, డీజిల్ వాసన పట్టిందంటే రెండు ఉతుకులకూ పోదు.

53. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 లారీల్లో ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది, డెఫ్ అనే యూరియా నీళ్ళది. ఒలికితే తెల్లటి పెళ్ళలు కట్టి రంగు ఊడగొట్టి బ్రాకెట్‌ను తినేస్తుంది. వారానికోసారి మంచినీళ్ళు కొడితే చాలు, పైసా ఖర్చు లేదు.

54. డీజిల్ గరాటు, డెఫ్ గరాటు వేరువేరుగా పెట్టి పేర్లు రాయండి. ఒకదాంట్లో ఇంకోటి కలిస్తే వచ్చే బిల్లుతో బంగారం కొనొచ్చు.

55. దారిలో పట్టీ తెగితే బైండింగ్ వైరు చుట్టొద్దు, కోసేస్తుంది. లోడుకు వాడే రాట్చెట్ బెల్టు చుట్టి, కింద గోనెసంచి మడత పెట్టి, సైలెన్సరు వేడి తగలకుండా చూసుకుని మెల్లగా దగ్గర్లోని షెడ్డుకు చేరండి. అది షెడ్డు దాకానే, సారపాక దాకా కాదు.

56. క్యాబిన్‌లో ఒక పట్టీ బోల్టు, నాలుగు లాక్ నట్లు, మూర రబ్బరు ఎప్పుడూ ఉండాలి. అడవి దారిలో రాత్రి ఆగిపోతే కొట్టు కాదు కదా, ఫోన్ సిగ్నలే దొరకని చోట్లున్నాయి.

57. పరదా కట్టడానికి క్లీనరు ట్యాంకు మీద కాలు పెట్టి ఎక్కుతున్నాడేమో చూడండి. మనిషి బరువు అదే పట్టీ మీద పడుతుంది, పైగా జారితే కాలు విరుగుతుంది. మెట్టు వేయించండి.

58. ఎండాకాలం మూతిదాకా నింపించొద్దు. డీజిల్ వేడికి సాగి మూత దగ్గర కారుతుంది, ఆ జిడ్డుకు దుమ్ము పట్టి రబ్బరు పాడవుతుంది.

59. రెండో డీజిల్ ట్యాంకు తగిలించుకుందామని ఎవరైనా ఆశపెడితే ముందు ఆర్టీఏ ఆఫీసులో అడగండి. ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో ఉంది. పట్టుబడితే జరిమానా, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సుతో పేచీ.

60. పట్టీ మార్చిన తేదీ, కిలోమీటర్లు, కొట్టు పేరు ఒక నోటుబుక్కులో రాయండి. ఏ కొట్టు సామాను ఎన్నాళ్ళొచ్చిందో రెండేళ్ళలో మీకే తెలుస్తుంది, అప్పుడు బేరం మీ చేతిలో ఉంటుంది. ఇందులో లేని కిటుకు మీ దగ్గరుంటే మొహమాటపడకుండా చెప్పండి, నా బుక్కులో ఇంకా ఖాళీ పేజీలున్నాయి.